టీడీకి వెళ్ళే ఫౌజీ వెంట కుటుంబం వెళ్ళొచ్చా? భటిండా నుంచి సికింద్రాబాద్ దాకా నా అనుభవం

మిలట్రీ మనిషిని పెళ్ళి చేసుకున్న ప్రతి ఆడపిల్లనీ ఊళ్ళో వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. "ఆయన్ని ఎక్కడికి పంపితే అక్కడికి నువ్వు కూడా పోవచ్చు కదమ్మా?" అని. అడిగేవాళ్ళకి అదొక మామూలు మాట. జవాబు మాత్రం మూడు రకాలుగా ఉంటుంది. పీస్ స్టేషన్‌కి, అంటే కుటుంబంతో ఉండగలిగే ప్రశాంతమైన చోటికి, పోస్టింగ్ అయితే వెళ్ళొచ్చు, క్వార్టర్ దొరికినప్పుడు. ఫీల్డ్‌కి, అంటే సరిహద్దు లాంటి చోట్లకి, పోస్టింగ్ అయితే వెళ్ళకూడదు. ఈ రెండూ అందరికీ తెలిసినవే. మూడోది టెంపరరీ డ్యూటీ, అంటే టీడీ. కొన్ని నెలలు దేశంలోనే వేరే ఊరికి కోర్సుకో, అటాచ్‌మెంట్ మీదో, బందోబస్తుకో పంపడం. దీని గురించి అడిగితే యూనిట్‌లో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. మా ఇంట్లో ఆ పరిస్థితి వచ్చినప్పుడు నేను తెలుసుకున్నదీ, పడ్డదీ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లెటూరు. మా ఆయన ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో, హవల్దార్, వెహికల్ మెకానిక్. అప్పటికి పంజాబ్‌లోని భటిండా కంటోన్మెంట్‌లో ఉన్నాం. మొదట్లో క్వార్టర్ ఖాళీ లేక కంటోన్మెంట్ బయట ఒక్క గది అద్దెకి తీసుకుని గడిపాం. వెయిటింగ్ లిస్టులో పేరు ఎప్పుడు పైకి వస్తుందా అని ఆయన ఆఫీసులో అడిగి రావడం, ఆయన ఇంటికి రాగానే నేను అడగడం, ఇదే పని. చివరికి రెండు గదుల క్వార్టర్ వచ్చింది. వంటింట్లో పంపు కారుతుంటే క్వార్టర్ల మరమ్మతులు చూసే ఎంఈఎస్ వాళ్ళకి కంప్లైంట్ రాయడం కూడా నాకు గొప్పగా అనిపించిన రోజులవి. అమ్మాయి కేంద్రీయ విద్యాలయంలో చేరింది. బాబు ఇంకా బడి వయసుకి రాలేదు.

భటిండాలో ఉన్నవాళ్ళకి మొగుళ్ళు ఇంట్లో లేకపోవడం కొత్తేమీ కాదు. ఏటా చలికాలంలోనో ఎండాకాలం ముందో యూనిట్ మొత్తం రాజస్థాన్ వైపు, మహాజన్ ఫైరింగ్ రేంజికి ఎక్సర్‌సైజుకి వెళ్తుంది. వారాల తరబడి ఇసుకలో టెంట్లు. వెంట వెళ్దామన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఆయన వచ్చేదాకా పక్కింటి రాజస్థానీ భాభీ, ఎదురింటి చిత్తూరు అక్క, నేను, ఒకరి పిల్లల్ని ఒకరం చూసుకుంటూ గడిపేస్తాం.

కానీ ఈసారి ఆయనకి వచ్చింది సికింద్రాబాద్ కోర్సు.

ఆ మాట వినగానే నా బుర్రలో పెళ్ళి బాజాలు మోగాయి. సికింద్రాబాద్ అంటే తెలుగు మాట, తెలుగు కూర, ఒక్క రాత్రి రైలు ప్రయాణంలో అత్తవారిల్లు. మా అత్తమ్మకి ఫోన్లో చెబితే, "ఏటి, సికిందరాబాదు దాకా వస్తే పిల్లల్ని తీసుకుని నువ్వూ వచ్చీయమ్మా, ఆడొక్కడూ అక్కడేటి చేస్తాడు?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నేనూ అదే అనుకున్నాను. కోర్సు కొన్ని నెలలు ఉంది. అన్నాళ్ళు ఆయన మన రాష్ట్రం పక్కన, మేము పంజాబ్‌లో ఎందుకు?

మా ఆయన మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే మాట. "రావచ్చు. కానీ నాతో ఉండలేరు." అప్పుడు నాకు కోపం వచ్చింది. ఈ మాటలో రెండు ముక్కలు ఉన్నాయనీ, రెండూ నిజమేననీ తరవాత తెలిసింది.

ఆయన హెడ్ క్లర్క్ సాబ్‌ని అడిగి వచ్చి చెప్పిన లెక్క ఇదీ. ఎక్కడికి, ఏ పని మీద వెళ్ళాలో రాసిచ్చే మూవ్‌మెంట్ ఆర్డర్ మీద ఏం రాసి ఉందన్నదే అన్నిటికీ మూలం. పోస్టింగ్ అని ఉంటే అది పర్మనెంట్ మూవ్. కుటుంబానికి ప్రయాణ ఖర్చు, సామాను పంపడానికి ఖర్చు, దాని మీద బేసిక్ జీతంలో 80 శాతం ట్రాన్స్‌ఫర్ గ్రాంట్, కొత్త చోట క్వార్టర్‌కి పేరు రాయించుకునే అర్హత, అన్నీ వస్తాయి. టెంపరరీ డ్యూటీ అని ఉంటే వారెంట్, అంటే సర్కారు ఖర్చు మీద రైలు టికెట్ ఇప్పించే కాగితం, ఆయన ఒక్కడికే. ఎందుకంటే కాగితం ప్రకారం ఆయన ఎక్కడికీ బదిలీ కాలేదు. ఆయన డ్యూటీ స్టేషన్ భటిండాయే, ఇల్లు భటిండాయే, పని మీద పక్క ఊరెళ్ళాడంతే. ఈ రెండింటి మధ్య గీత 180 రోజులు. మా ఆయన కోర్సు ఆ గీతకి ఇవతలే ఆగిపోయింది.

మా బంధువుల్లో ఒకబ్బాయి అమెరికాలో పుట్టి పెరిగి అక్కడి ఆర్మీలో చేరాడు. వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ఈ సంగతి వచ్చింది. అక్కడ కూడా టెంపరరీ డ్యూటీకి హద్దు 180 రోజులేనట. కుటుంబం వెంట వస్తానంటే ఎవరూ ఆపరు గానీ ఖర్చు సొంతం. ఒక్క తేడా ఉంది. ఒకే చోట 20 వారాలు, ఆపైన సాగే ట్రైనింగ్ అయితే అక్కడ దాన్ని బదిలీ కింద లెక్కేసి కుటుంబాన్ని కూడా కదిలిస్తారట. ఆమె ఆ మాట చెప్పాక నేను క్యాలెండర్ తీసి మా ఆయన కోర్సు వారాలు లెక్కపెట్టాను. ఆ దేశంలో అయితే మా సామాను లారీ ఎక్కేది. సరే, ఏ దేశం కాగితం ఆ దేశానిది.

ఇక క్వార్టర్ సంగతి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. "ఎలాగూ ఆయన ఉండరు కదా, క్వార్టర్ ఖాళీ చేసేసి సామాను ఊరికి పంపేద్దాం" అని నేనంటే చిత్తూరు అక్క అడ్డం పడింది. వాళ్ళాయన సుబేదార్. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమె చూడని స్టేషన్ లేదు. "ఒసేయ్, నువ్వు తాళం చెవి తిరిగిచ్చిన రోజే ఇంకొకరు పాలు పొంగించుకుంటారు. మీ ఆయన తిరిగొచ్చేసరికి మీరు మళ్ళీ లిస్టులో అందరికన్నా కింద ఉంటారు" అంది. టీడీలో ఉన్నంత కాలం క్వార్టర్ ఆయన పేరు మీదే ఉంటుంది, దాన్ని ఎవరూ లాక్కోరు. కానీ మనం లేనప్పుడు చుట్టాన్నో తెలిసినవాళ్ళనో అందులో పెట్టకూడదు. తాళం వేసి ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే యూనిట్‌లో రాసి ఇవ్వాలి. కాబట్టి ఎటు తిప్పినా భటిండా ఇల్లు మా మీదే ఉంటుంది, దాని మీద సికింద్రాబాద్‌లో అద్దె.

ఆ అద్దెకి హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం, ఏమైనా వస్తుందా అని అడిగాను. రాదు. ఇల్లు ఇచ్చారు కదా, అది భటిండాలో ఉంది కదా అన్నారు. వాదించడానికి ఏం లేదు.

తరవాత బడి. కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే మాలాంటి వాళ్ళ పిల్లల కోసం. ఒక ఊళ్ళో టీసీ తీసుకుని ఇంకో ఊళ్ళో చేర్చడం ఫౌజీ ఇళ్ళల్లో చాలా మామూలు పని. అడ్మిషన్ ఫారంలో గత ఏడేళ్ళలో తండ్రికి ఎన్ని బదిలీలు అయ్యాయో రాసే గడి కూడా ఉంటుంది. బదిలీలు ఎక్కువైతే పిల్లలకి ముందు వరస. మా ఆయన మూవ్‌మెంట్ ఆర్డర్ జిరాక్స్ పట్టుకెళ్ళి అడిగితే, ఆఫీసులో ఆయన చదివి, మర్యాదగానే, ఇది బదిలీ కాదమ్మా అన్నాడు. సికింద్రాబాద్‌లో చేర్చాలంటే బదిలీ కాగితం కావాలి. ఒకవేళ ప్రైవేటు స్కూల్లో చేర్చినా, కోర్సు అయిపోయాక తిరిగొచ్చేసరికి ఇక్కడ సీటు పరిస్థితి ఏంటి? అమ్మాయికి పంజాబ్‌లో హిందీ, ఇంగ్లీష్ మీడియం. అక్కడికెళ్తే మధ్యలో ఇంకో భాష. ఆలోచించేకొద్దీ టెన్షన్.

చివరికి నేను తీసుకున్న నిర్ణయం మధ్యే మార్గం. ఆయన ముందు వెళ్తారు. నేను పిల్లలతో భటిండాలోనే ఉంటాను. పంజాబ్‌లో వేసవి సెలవులు మన దగ్గర కంటే ఆలస్యం, మనకి బడులు తెరిచే వేళకి అక్కడ సెలవులు ఊపందుకుంటాయి. ఆ సెలవులు మొదలయ్యాక సికింద్రాబాద్ వెళ్ళి, ఉన్నన్నాళ్ళు ఉండి, బడి తెరిచే ముందు తిరిగి రావాలి. వెంట వెళ్ళాలని మొదలుపెట్టిన ఆలోచన ఇలా సెలవులకి వెళ్ళే దగ్గర ఆగింది. మా అత్తమ్మకి ఇది నచ్చలేదు. నాకూ అంతగా నచ్చలేదు. కానీ క్వార్టర్, బడి రెండూ చెక్కుచెదరని దారి ఇదొక్కటే కనిపించింది.

ఒక మాట చెప్పాలి. వెళ్ళడానికి ఎవరి పర్మిషన్ అక్కరలేదు. నేను సివిలియన్‌ని. టికెట్ కొనుక్కుని ఏ ఊరైనా వెళ్తాను. ఇది చెబితే కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయిలు నమ్మరు. సీఓ సాబ్, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్, సంతకం కావాలేమో అనుకుంటారు. సంతకం అవసరమయ్యేది ఆయన రాత్రి బ్యారక్ వదిలి నా దగ్గర పడుకోవడానికి. దాన్ని లివింగ్ అవుట్ పర్మిషన్ అంటారు. పోస్టింగ్‌లో ఉన్న చోట, బయట ఇల్లు తీసుకుని కుటుంబంతో ఉంటామంటే అది మామూలుగా దొరికే పర్మిషనే. కోర్సులో ఉన్నవాళ్ళకి మాత్రం ఇవ్వడం ఇవ్వకపోవడం అక్కడి సెంటర్ ఇష్టం. మా ఆయన వెళ్ళగానే దరఖాస్తు పెట్టుకున్నారు. పొద్దున్నే పీటీ, సాయంత్రం హాజరు పిలిచే రోల్ కాల్, రాత్రి స్టడీ పీరియడ్, ఇవన్నీ ఉండగా బయట ఉండడం కుదరదని కాగితం వెనక్కి వచ్చింది. నేను అప్పటికే టికెట్లు బుక్ చేశాను.

ప్రయాణం గురించి ఎక్కువ రాయను. భటిండా నుంచి పంజాబ్ మెయిల్లో ఢిల్లీ, అక్కడ స్టేషన్ బయట పిల్లలతో, సామానుతో, ఎండలో కూలీతో బేరం, తరవాత తెలంగాణ ఎక్స్‌ప్రెస్. బాబుకి రైల్లో కడుపునొప్పి. సికింద్రాబాద్ స్టేషన్లో దిగగానే "అమ్మా, ఆటో కావాలా?" అని తెలుగులో అడిగితే బేరం ఆడకుండానే ఎక్కేశాను.

ఇల్లు దొరకడం కష్టమైంది. రెండు నెలలకి ఎవరిస్తారు? పదకొండు నెలల అగ్రిమెంట్, మూడు నెలల అడ్వాన్స్ అంటారు. లోతుకుంట, తిరుమలగిరి, బొల్లారం అన్నీ తిరిగాం, అంటే ఆయన ఆదివారాలు బయటికి వెళ్ళడానికిచ్చే అవుట్‌పాస్ మీద తిరిగి చూసి ఉంచారు. చివరికి అల్వాల్‌లో ఒక రిటైర్డ్ సుబేదార్ గారి ఇంట్లో కింద పోర్షన్ దొరికింది. ఆ చుట్టుపక్కల, అటు యాప్రాల్, సైనిక్‌పురి వైపు, ఎటు చూసినా మాజీ ఫౌజీల ఇళ్ళే. సర్వీసులో ఉండగా సికింద్రాబాద్ చూసినవాళ్ళు చాలామంది రిటైరయ్యాక ఇక్కడే స్థలం కొనుక్కున్నారు. మిలిటరీ హాస్పిటల్ దగ్గర, సరుకులు చౌకగా దొరికే మిలిటరీ క్యాంటీన్ దగ్గర, అడిగితే చెప్పే మనుషులు దగ్గర. ఆ సుబేదార్ గారు మాది ప్రకాశం జిల్లా అన్నారు. అగ్రిమెంట్ లేదు, ఒక నెల అడ్వాన్స్ చాలన్నారు. "టీడీ మీద వచ్చినోడి పెళ్ళానికి ఇల్లెవరిస్తారు, ఇంకో ఫౌజీ తప్ప" అన్నారు. నెలకి తొమ్మిది వేలు. ఒక గది, వంటిల్లు, పైన ట్యాంకు. నీళ్ళకి మాత్రం కటకట.

ఆదివారం పొద్దున ఆయన వచ్చేవారు. సాయంత్రం రోల్ కాల్‌కి వెళ్ళిపోవాలి. నెలల తరవాత పిల్లలు నాన్నని చూశారు కదా, ఆ రోజంతా ట్యాంక్ బండ్, జూ, బిర్యానీ అని నేను పెద్ద ప్లాన్ వేసుకున్నాను. ఆయన వచ్చి చేపల పులుసుతో అన్నం తిని మంచం మీద వాలారు. సాయంత్రం దాకా లేవలేదు. వారమంతా తెల్లవారుజామున లేచే మనిషి. బాబు ఆయన పొట్ట మీద పడుకుని ఆడుకుంటున్నాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. ఇందుకా నేను ఎర్రటి ఎండలో రెండు రైళ్ళు మారి వచ్చింది అనిపించింది. తరవాతి ఆదివారాలు కాస్త నయం. మధ్యలో పరీక్ష ఉంటే ఆ ఆదివారం రారు. ఒకసారి గేటు దగ్గరికే నేను పిల్లల్ని తీసుకెళ్ళాను. విజిటర్స్ కోసం వేసిన బెంచీ మీద కూర్చుని అరగంట మాట్లాడుకుని వచ్చేశాం.

"నాతో ఉండలేరు" అన్న మాట ఇదన్నమాట.

అయితే కొన్ని విషయాల్లో మాకు ఏ లోటూ రాలేదు. టీడీ అయినా పోస్టింగ్ అయినా ఆగనివి రెండున్నాయి, ఒకటి వైద్యం, రెండు క్యాంటీన్. బాబుకి జ్వరం వచ్చి తగ్గకపోతే డిపెండెంట్ కార్డు పట్టుకుని మిలిటరీ హాస్పిటల్‌కి వెళ్ళాను. భటిండా వాళ్ళం కదా, ఇక్కడ చూస్తారా అని భయపడ్డాను. ఏ స్టేషన్ కార్డు అని ఎవరూ అడగలేదు. డాక్టర్ చూశారు, రక్త పరీక్ష చేశారు, మందులు ఇచ్చారు, పైసా ఖర్చు లేదు. క్యాంటీన్ కార్డు కూడా అంతే. పిల్లల పేర్లు పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే ఆయన సర్వీసు రికార్డులోకి ఎక్కించే ఆర్డర్‌లో, పడి, కార్డులు చేయించుకుని ఉంటే చాలు. పుట్టిన వెంటనే పేరు ఎక్కించకుండా రేపు మాపు అని జాప్యం చేసే వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి ఇలా వేరే ఊళ్ళో జ్వరం వచ్చినప్పుడు తెలుస్తుంది.

మా అత్తమ్మ విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి కొన్నాళ్ళు ఉంది. జీడిపప్పు, ఎండు చేపలు, పనసకాయ మోసుకొచ్చింది. కొడుకుని వారానికి ఒక పూట చూసి, "ఇదేటి కాపురమమ్మా, జైల్లో ములాఖత్ నాగుంది" అంది. ఆయన మొహం మాడ్చుకున్నారు.

సాయంత్రాలు మేడ మీద నేనూ సుబేదార్ గారి భార్యా కూర్చునేవాళ్ళం. ఆంటీ అని పిలిచేదాన్ని. నా బాధంతా విని ఆమె తాపీగా తన సంగతి చెప్పింది. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యాన్ని మొత్తం పశ్చిమ సరిహద్దుకి కదిలించారు. అంకుల్ బ్యాగు సర్దుకుని వెళ్ళినవారు వెళ్ళినట్టే. యుద్ధం అవుతుందో లేదో తెలియదు. కాగితం మీద అది కూడా దేశం లోపలి పనే, వెళ్ళింది కొన్ని గంటల ప్రయాణం దూరమే. 2002 అక్టోబర్ దాకా వెనక్కి పిలవలేదు. "పది నెలలమ్మా. క్వార్టర్‌లో నేను, ముగ్గురు పిల్లలు. ఎస్టీడీ బూత్ ముందు లైన్లో నిలబడితే ఒక్కోసారి ఫోన్ వచ్చేది, ఒక్కోసారి రాదు. నీకు ఆదివారం ఆదివారం మనిషి కనిపిస్తున్నాడు కదా" అంది. ఆమె నన్ను తిట్టడానికి అనలేదు. కానీ ఆ తరవాత ఆమె దగ్గర నేను ఫిర్యాదు చేయడం తగ్గించాను.

బడి తెరిచే వేళకి పిల్లలతో భటిండా వచ్చేశాను. కోర్సు అయ్యాక ఆయనా వచ్చారు. డబ్బు లెక్క చూస్తే రైలు టికెట్లు, అద్దె, ఒక ఇండక్షన్ స్టవ్, చిన్నా చితకా, అన్నీ మా జేబులోంచే. ఇదంతా చేయకపోతే ఏమయ్యేది అంటే, ఆయన మధ్యలో నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి వెళ్ళేవారేమో. కానీ జవాన్లకి ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్ లీవు ఉన్నా, కోర్సు మధ్యలో సెలవు అడిగితే కోర్సే పోతుంది. నన్నడిగితే, మళ్ళీ అలాంటి టీడీ వస్తే మళ్ళీ వెళ్తాను. నా పక్కింటి భాభీ మాత్రం ఆ డబ్బుతో ఫ్రిజ్ వచ్చేది అంటుంది. ఆమె లెక్క ఆమెది.

2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజుల్లో, ఆంటీ మాటలు మళ్ళీ గుర్తొచ్చాయి. అప్పుడు వెళ్ళొచ్చా అన్న ప్రశ్న కాదు కదా, ఎక్కడికి అన్న ప్రశ్న కూడా అడగలేదు. ఫోన్ వచ్చింది, ఆయన యూనిఫాం వేసుకున్నారు, వెళ్ళిపోయారు. ఊరంతా బ్లాకౌట్. కిటికీలకి దుప్పట్లు కట్టాం. పంజాబ్‌లో బడులన్నీ మూసేశారు. యూనిట్‌లో వెనక మిగిలిన రేర్ పార్టీని చూసే జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్ లేడీస్ వాట్సాప్ గ్రూపులో ఒకటే చెప్పేవారు, ఎక్కడున్నారని ఎవరూ అడగొద్దు, ఎవరికైనా తెలిసినా రాయొద్దు, టీవీ చూసి పుకార్లు పంపొద్దు. పాలు, కూరగాయలు, పిల్లలకి మందులు ఏది కావాలన్నా తనకి ఫోన్ చేయమన్నారు. చేశారు కూడా. అర్ధరాత్రి ఒక గర్భిణిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది వాళ్ళ బండే.

ఊరి నుంచి ఫోన్లు ఆగలేదు. వచ్చేయమని మా నాన్న ఏడ్చారు. కొంతమంది భార్యలు టికెట్లు దొరికిన రైలెక్కి వెళ్ళారు. వాళ్ళని ఎవరూ ఆపలేదు, తప్పు పట్టలేదు. నేను ఉండిపోయాను. ధైర్యం కాదు. ఆయన తిరిగొస్తే మొదట వచ్చేది ఈ క్వార్టర్‌కే కదా అనిపించింది. మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయని వార్త వచ్చినా మా వాళ్ళు వెంటనే రాలేదు. ఎప్పుడొస్తారో చెప్పలేదు. వచ్చిన రోజు మాత్రం ముందుగా ఫోన్ చేసి, నీళ్ళు కాచి పెట్టమన్నారు.

ఇప్పుడు ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. ఇది టీడీ కాదు, అసలైన పోస్టింగే. కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్ళే ఏరియా కాదు. అయినా టీడీ కంటే నాకు ఇదే సుళువుగా ఉంది. వెంట వెళ్ళలేమని తెలుసు కాబట్టి, ఎక్కడ ఉండాలో ఎంచుకునే హక్కు కాగితం మీదే రాసి ఉంది. ఇప్పుడున్న క్వార్టర్‌లోనే కొనసాగుతామని అప్లై చేయొచ్చు. లేదా వేరే స్టేషన్లో ఎస్‌ఎఫ్‌ఏ, అంటే ఫీల్డ్‌కి వెళ్ళినవాళ్ళ కుటుంబాల కోసం ఉంచే క్వార్టర్లకి పేరు ఇవ్వొచ్చు. అదీ వద్దంటే మనం ఎంచుకున్న ఊళ్ళో సొంతంగా ఉండి హెచ్‌ఆర్‌ఏ తీసుకోవచ్చు.

ఈ మూడో దాంట్లో ఊరిని బట్టి డబ్బు మారుతుంది. 2024 జనవరి నుంచి హెచ్‌ఆర్‌ఏ పెద్ద నగరాల్లో బేసిక్‌లో 30 శాతం, మధ్యస్థాయి నగరాల్లో 20, మిగతా ఊళ్ళలో 10. హైదరాబాద్ మొదటి దాంట్లో, విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ రెండో దాంట్లో, మా పలాస మూడో దాంట్లో. హవల్దార్ మొదటి బేసిక్ 29,200 అనుకుంటే హైదరాబాద్‌లో నెలకి 8,760, పలాసలో 2,920. పలాసలో అత్తవారిల్లు ఉంది, అద్దె లేదు. కానీ అక్కడ మిలిటరీ హాస్పిటల్ లేదు. బాబుకి ఆస్తమా ఉందని మొన్న తేలింది. అమ్మాయికి కేంద్రీయ విద్యాలయంలో టీసీ ఈసారి అడిగితే ఇస్తారు, పోస్టింగ్ ఆర్డర్ ఉంది కాబట్టి.

ఆయన పలాస అన్నారు, వాళ్ళమ్మ ఒంటరిగా ఉందని. నేను సికింద్రాబాద్ అన్నాను, హాస్పిటల్ కోసం. రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి అత్తమ్మే తేల్చింది, ఆమే వచ్చి మా దగ్గర ఉంటానంది, పొలం కౌలుకిస్తానంది. ఎస్‌ఎఫ్‌ఏ ఫారంలో సికింద్రాబాద్ రాసి పంపాం. అక్కడ లిస్టు పొడుగ్గానే ఉంటుందని చిత్తూరు అక్క ముందే హెచ్చరించింది. పేరు పైకి వచ్చేదాకా అద్దె ఇల్లే. అల్వాల్ ఆంటీకి ఫోన్ చేశాను. కింద పోర్షన్‌లో ఎవరో ఉన్నారట. పై పోర్షన్ ఖాళీ అవుతుందట, కానీ పదివేల ఐదువందలు అన్నారు. ఐదువందలు తగ్గించమని అడుగుతున్నాను.